అప్పు అమ్మేశాక పూచీ ఎవరిది: అమెరికా ఇంటి తనఖా వ్యాపారం, దాని అధినేతలు

అమెరికాలో ఇళ్లు కొనుక్కోవడానికి అప్పులిచ్చే తొలి సంఘం 1831లో ఫిలడెల్ఫియా పక్కనున్న ఫ్రాంక్‌ఫర్డ్‌లో పుట్టింది. దాని పేరు ఆక్స్‌ఫర్డ్ ప్రావిడెంట్ బిల్డింగ్ అసోసియేషన్. బట్టల మిల్లుల యజమానులు ఇద్దరు పూనుకుని, ఊళ్లోని చేతిపనివాళ్లను, దుకాణదారులను చేర్చి దాన్ని నడిపారు. సభ్యులు నెలనెలా సొమ్ము కట్టేవారు. పోగైన మొత్తానికి పాట పెట్టేవారు. ఎక్కువ ప్రీమియం ఒప్పుకున్నవారికి అప్పు దక్కేది. చీటీ పాట ఎరిగిన తెలుగువారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. మొదటి అప్పు 375 డాలర్లు. అది వీధిదీపాలు వెలిగించే కామ్లీ రిచ్ అనే అతనికి అందింది. పదేళ్లు గడిచి, చేరినవారి అవసరాలు తీరాక సంఘాన్ని మూసేశారు.

ఇటువంటి సంఘంలో నీతి సూత్రాలు రాసి గోడకు తగిలించాల్సిన పని లేదు. అప్పు ఇచ్చేవారు, తీసుకునేవారు, డబ్బు దాచుకునేవారు అందరూ ఒకే ఊరివాళ్లు. వాయిదా తప్పితే నష్టం పక్కింటివాడిది, అప్పు మంజూరు చేసిన డైరెక్టరుది కూడా. ఇలాంటి సంఘాలే పెరిగి, ఇరవయ్యో శతాబ్దంలో ‘సేవింగ్స్ అండ్ లోన్’ సంస్థలయ్యాయి. 1930ల ఆర్థిక మాంద్యంలో ఇళ్లు వరసగా జప్తుకు పోతుంటే ఫెడరల్ ప్రభుత్వం రంగంలోకి దిగింది. 1933లో ఏర్పడిన హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ దాదాపు పది లక్షల అప్పులను తన మీద వేసుకుని, వాయిదాల గడువు పెంచి తిరగరాసింది. 1934లో డిపాజిట్లకు, ఇంటి అప్పులకు ప్రభుత్వ బీమా వచ్చింది. ఆ అప్పులను కొనే సంస్థగా 1938లో ఫ్యానీ మే మొదలైంది. ఆ తర్వాత నాలుగు దశాబ్దాలు ఈ వ్యాపారం నిద్రపుచ్చేంత సాఫీగా నడిచింది. డిపాజిట్‌కు 3 శాతం ఇవ్వాలి, అప్పుకు 6 శాతం తీసుకోవాలి, మధ్యాహ్నం 3 గంటలకు గోల్ఫ్ మైదానంలో ఉండాలి అని ఆ మేనేజర్ల మీద ఒక ఛలోక్తి చెలామణీలో ఉండేది.

1970ల చివర ద్రవ్యోల్బణం ఈ లెక్కను తలకిందులు చేసింది. ముప్పయ్యేళ్ల గడువుకు 6 శాతం వడ్డీతో ఇచ్చిన అప్పులు పుస్తకాల్లో ఉండగా, డిపాజిట్లు పట్టి ఉంచడానికి అంతకు రెట్టింపు వడ్డీ ఇవ్వాల్సి వచ్చింది. అసలు లెక్కగడితే చాలా సంస్థలు అప్పటికే దివాలా తీశాయి. ఆ నష్టాన్ని ఒప్పుకుని మూసేయడానికి బదులు అమెరికా కాంగ్రెస్ వాటికి కట్లు విప్పింది. 1980లో డిపాజిట్ బీమా పరిమితిని 40 వేల డాలర్ల నుంచి లక్షకు పెంచారు. 1982లో గార్న్-సెయింట్ జెర్మేన్ చట్టం వచ్చి వాణిజ్య భవనాలకు, ఇతర వ్యాపారాలకు కూడా డబ్బు పెట్టే వీలు కల్పించింది. అదే ఏడు నియంత్రణ బోర్డు ఇంకో నిబంధన సడలించింది. అంతవరకు ఒక సంస్థకు కనీసం 400 మంది వాటాదారులు ఉండాలి. ఇకమీదట ఒక్కరున్నా చాలు. మిగతా సడలింపుల కన్నా చేటు చేసింది బహుశా ఇదే. పోయినా ప్రభుత్వం తిరిగి కట్టే డబ్బు, దాని మీద ఒకే మనిషి పెత్తనం, రెండూ ఒక చోట చేరాయి.

ఆ అవకాశాన్ని అందిపుచ్చుకున్నవారిలో పేరుమోసినవాడు చార్ల్స్ కీటింగ్. అరిజోనాలో అమెరికన్ కాంటినెంటల్ కార్పొరేషన్ అనే ఇళ్ల నిర్మాణ కంపెనీ ఆయనది. 1984లో ఆ కంపెనీ కాలిఫోర్నియాలోని లింకన్ సేవింగ్స్‌ను 5.1 కోట్ల డాలర్లకు కొన్నది. అప్పటికి లింకన్ ఆస్తులు 110 కోట్ల డాలర్లు. నాలుగేళ్లలో అవి 550 కోట్లయ్యాయి. ఈ పెరుగుదలలో ఇంటి అప్పుల పాత్ర దాదాపు లేదు. సొమ్మంతా ఎడారి భూములకు, జంక్ బాండ్లకు, ఫీనిషియన్ అనే విలాసవంతమైన హోటల్‌కు మళ్లింది.

నియంత్రణ బోర్డు అధ్యక్షుడు ఎడ్విన్ గ్రే ఇటువంటి నేరుగా పెట్టే పెట్టుబడులకు 1985లో పరిమితి విధించాడు. కీటింగ్ దాని మీద యుద్ధమే ప్రకటించాడు. లింకన్ యాజమాన్యం గట్టిదని యోగ్యతా పత్రంలాంటి లేఖ రాయడానికి ఆయన కుదుర్చుకున్న ఆర్థికవేత్త ఆలన్ గ్రీన్‌స్పాన్. రెండేళ్లకు ఈయనే దేశ కేంద్ర బ్యాంకు అధిపతి అయ్యాడు. రాజకీయ పక్షాన ఐదుగురు సెనేటర్లు ఉన్నారు: క్రాన్‌స్టన్, డికన్సినీ, గ్లెన్, మెకెయిన్, రీగల్. కీటింగ్, ఆయన మనుషులు వీరి ప్రచారాలకు, వీరికి సంబంధించిన సంస్థలకు కలిపి సుమారు 13 లక్షల డాలర్లు ఇచ్చారు. 1987 ఏప్రిల్‌లో ఈ సెనేటర్లు మొదట గ్రేను, తర్వాత లింకన్‌ను తనిఖీ చేస్తున్న శాన్ ఫ్రాన్సిస్కో అధికారులను పిలిపించుకుని మాట్లాడారు. ఆ అధికారులు మే నెలలో లింకన్‌ను స్వాధీనం చేసుకోవాలని సిఫారసు చేశారు. గ్రే పదవీకాలం జూన్‌తో ముగిసింది. కొత్త అధ్యక్షుడు డానీ వాల్ ఆ ఫైలును శాన్ ఫ్రాన్సిస్కో చేతుల్లోంచి తప్పించి వాషింగ్టన్‌కు తెప్పించుకున్నాడు. రెండేళ్లు అలా గడిచాయి.

అసలు దారుణం జరిగింది ఆ రెండేళ్లలోనే. లింకన్ బ్రాంచీల్లో కౌంటర్ల పక్కనే మాతృసంస్థ బాండ్లు అమ్మకానికి పెట్టారు. డిపాజిట్ గడువు తీరి వచ్చిన ముసలివాళ్లకు ఎక్కువ వడ్డీ ఆశ చూపి, సొమ్మును బాండ్లలోకి మళ్లించారు. డిపాజిట్‌కు ప్రభుత్వ బీమా ఉంది, బాండుకు లేదు. ఒకే గదిలో, ఒకే సిబ్బంది చేతుల మీదుగా కొన్నవారిలో చాలామందికి ఆ తేడా తెలియలేదు. బాండ్లు అమ్మే సిబ్బందికి వెళ్లిన ఒక కాగితంలో బలహీనులు, అమాయకులు, తెలియనివాళ్లే మంచి గురి అని రాసి ఉన్నట్టు తర్వాత బయటపడింది. 1989 ఏప్రిల్ 13న మాతృసంస్థ దివాలా ప్రకటించింది. మర్నాడు ప్రభుత్వం లింకన్‌ను స్వాధీనం చేసుకుంది. ఇరవై వేలమందికి పైగా బాండుదారుల దగ్గర 25 కోట్ల డాలర్లకు పైబడిన కాగితాలు చిత్తయ్యాయి. లింకన్ పతనం వల్ల ప్రభుత్వ ఖజానాకు పడిన చిల్లు దాదాపు 340 కోట్ల డాలర్లు.

కీటింగ్ కథ కోర్టుల్లో వంకరటింకరగా సాగింది. 1991లో రాష్ట్ర కోర్టు, 1993లో ఫెడరల్ కోర్టు ఆయన్ను దోషిగా తేల్చాయి. నాలుగున్నరేళ్లు జైల్లో ఉన్నాక, 1996లో ఆ రెండు తీర్పులూ విచారణలో జరిగిన లోపాల వల్ల కొట్టివేతకు గురయ్యాయి. 1999లో నాలుగు నేరాలు ఒప్పుకోవడంతో, అప్పటికే అనుభవించిన శిక్ష సరిపోతుందన్నారు. సెనేటర్లలో క్రాన్‌స్టన్ ఒక్కరికే అధికారిక మందలింపు దక్కింది. 1990లో ఈ వ్యవహారం విచారించిన న్యాయమూర్తి స్టాన్లీ స్పోర్కిన్ తన తీర్పులో అడిగిన ప్రశ్న తర్వాతి కాలంలో బాగా వాడుకలోకి వచ్చింది. ఇంతమంది ఆడిటర్లు, లాయర్లు చుట్టూ ఉండగా ఇదంతా జరుగుతుంటే వాళ్లెక్కడున్నారు అన్నది ఆయన ప్రశ్న. జవాబు డబ్బు రూపంలో వచ్చింది. 1992లో కేయ్ షోలర్ అనే న్యాయసంస్థ 4.1 కోట్ల డాలర్లకు, ఎర్నెస్ట్ అండ్ యంగ్ లింకన్‌తో సహా అనేక సంస్థల ఆడిట్‌లకు సంబంధించి 40 కోట్ల డాలర్లకు రాజీ పడ్డాయి.

1986 నుంచి 1995 వరకు 3,234 సేవింగ్స్ సంస్థల్లో 1,043 మూతపడ్డాయి. మొత్తం నష్టం 15 వేల కోట్ల డాలర్లు దాటింది. అందులో ఎక్కువ భాగం పన్ను కట్టేవారి మీద పడింది. ఇంత నష్టంలోనూ ఒక పని మాత్రం పద్ధతిగా జరిగింది. నియంత్రణ సంస్థల తనిఖీదార్లు మునిగిన ప్రతి సంస్థ పద్దులూ తిరగేసి, ఏ అప్పు ఎవరు మంజూరు చేశారో, ఆ డబ్బు ఏ చుట్టం కంపెనీలోకి వెళ్లిందో ప్రాసిక్యూటర్లకు రాసి పంపారు. సుమారు 1,100 కేసులు నడిచాయి. ఎనిమిది వందలమందికి పైగా బ్యాంకు అధికారులు జైలుకు వెళ్లారు. సంస్థను కాపాడాల్సినవాడే దాన్ని ఆయుధంగా మార్చి దోచుకునే పద్ధతిని, ఆ తనిఖీల్లో పాల్గొన్న విలియం బ్లాక్ తర్వాత తన రచనల్లో విడమర్చి చూపించాడు. 1989లో వచ్చిన ఫిర్రియా చట్టం బ్యాంకు మోసాల మీద సివిల్ దావాలకు పదేళ్ల గడువు ఇచ్చింది. ఈ చట్టం పాతికేళ్ల తర్వాత మరో సంక్షోభంలో మళ్లీ తెర మీదికి వచ్చింది.

ఈలోగా వ్యాపారపు రూపమే మారిపోయింది. 1970లో జిన్నీ మే అనే ప్రభుత్వ సంస్థ పూచీతో ఇంటి అప్పుల కట్టను సెక్యూరిటీగా మార్చి అమ్మడం మొదలైంది. 1980ల్లో వాల్‌స్ట్రీట్ సంస్థలు దాన్ని పెద్ద వ్యాపారం చేశాయి. 1990ల నాటికి అప్పు ఒక చేతిలో నిలవడం మానేసింది. బ్రోకరు ఖాతాదారును తెస్తాడు, కంపెనీ అప్పిస్తుంది, బ్యాంకు కొని కట్ట కడుతుంది, రేటింగ్ సంస్థ మార్కులు వేస్తుంది, ఎక్కడో ఉన్న పింఛను నిధి కొంటుంది. వాయిదాలు వసూలు చేసేది మళ్లీ వేరే కంపెనీ. ప్రతి ఒక్కరికీ రుసుం ముడుతుంది. అప్పు తీరుతుందా లేదా అన్నది చివరివాడి తలనొప్పి.

ఆనాటి బ్రోకరు కమిషన్ లెక్క చూస్తే ఈ గొలుసులో తొలి లంకె ఎలా తయారైందో తెలుస్తుంది. ఖాతాదారుకు ఆదాయాన్ని బట్టి 6 శాతానికి అప్పు రావాలనుకుందాం. బ్రోకరు ఆ మాట చెప్పకుండా 7 శాతానికి సంతకం పెట్టిస్తే, పై ఒక శాతం విలువలో కొంత కంపెనీ బ్రోకరుకు ముట్టజెప్పేది. దీన్ని యీల్డ్ స్ప్రెడ్ ప్రీమియం అనేవారు. చట్టం దీన్ని నిషేధించలేదు. కాగితాల దొంతరలో ఎక్కడో ఒక గీతలో రాసి ఉండేది కూడా. ఖాతాదారు మాత్రం బ్రోకరు తన తరఫున బేరమాడుతున్నాడనే అనుకునేవాడు.

నియంత్రణ నుంచి తప్పుకోవడమూ కష్టం కాలేదు. రోలండ్ ఆర్నల్ అనే వ్యాపారి నడిపే లాంగ్ బీచ్ సేవింగ్స్ 1994లో తన సేవింగ్స్ సంస్థ లైసెన్సును తిరిగి ఇచ్చేసి, మామూలు తనఖా కంపెనీగా మారిపోయింది. తనిఖీదార్ల బెడద వదిలింది. ఆ తర్వాత ఆయన కంపెనీ అమెరిక్వెస్ట్ దేశంలో అతి పెద్ద సబ్‌ప్రైమ్ రుణదాతల్లో, అంటే చెల్లింపు చరిత్ర బలహీనంగా ఉన్నవారికి ఎక్కువ వడ్డీకి అప్పులిచ్చేవారిలో, ఒకటైంది. ఖాతాదారులను మోసపుచ్చే పద్ధతులపై వచ్చిన ఆరోపణలను 2006 జనవరిలో 49 రాష్ట్రాలతో 32.5 కోట్ల డాలర్లకు పరిష్కరించుకుంది. మరుసటి నెలే ఆర్నల్ నెదర్లాండ్స్‌లో అమెరికా రాయబారిగా ఖరారయ్యాడు.

ప్రభుత్వ అండ ఉన్న సంస్థల్లోనూ పై గదుల్లో లెక్క ఇంతే. ఫ్యానీ మేలో 1998 సంవత్సరానికి పూర్తి బోనస్ అందాలంటే షేరుకు లాభం 3.23 డాలర్లు రావాలి. ఆ ఏడు పద్దుల్లో వేయాల్సిన ఖర్చులో 20 కోట్ల డాలర్లను వాయిదా వేశారు. లాభం 3.2309 డాలర్లుగా తేలింది. 2006లో నియంత్రణ సంస్థ నివేదిక, ఫ్యానీ మే కొన్నేళ్లలో లాభాలను దాదాపు 1,060 కోట్ల డాలర్లు ఎక్కువ చేసి చూపిందని చెప్పింది. సంస్థ 40 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. అప్పటికే తప్పుకున్న అధినేత ఫ్రాంక్లిన్ రెయిన్స్ మీద చర్యలు 2008లో రాజీతో ముగిశాయి. వాటాదారులు వేసిన దావాలో, ఆయన తెలిసి మోసం చేశాడనడానికి ఆధారం లేదని 2012లో కోర్టు కేసు కొట్టేసింది.

ఈ కాలానికి ముఖచిత్రం లాంటివాడు కంట్రీవైడ్ ఫైనాన్షియల్ అధినేత ఆంజెలో మొజిలో. బ్రాంక్స్‌లో మాంసం కొట్టు నడిపిన వ్యక్తి కొడుకు. పద్నాలుగేళ్లకే ఒక తనఖా కంపెనీలో కాగితాలు మోసే కుర్రాడిగా చేరాడు. 1969లో డేవిడ్ లోబ్‌తో కలిసి కంట్రీవైడ్ పెట్టాడు. బ్యాంకులు గుమ్మం తొక్కనివ్వని వాళ్లకు ఇల్లు దక్కేలా చేస్తున్నానన్నది ఆయన జీవితకాలపు వాదన. అందులో నిజం లేకపోలేదు కూడా. 2006 నాటికి అమెరికాలో ఇచ్చే ప్రతి ఆరు ఇంటి అప్పుల్లో దాదాపు ఒకటి కంట్రీవైడ్‌దే.

ఆ స్థానం కోసం కంపెనీ పెట్టుకున్న సూత్రం చాలా సరళమైనది. ఏ పోటీదారు ఏ రకం అప్పు ఇస్తే, కంట్రీవైడ్ కూడా అది ఇస్తుంది. అంటే మార్కెట్‌లో అందరికన్నా తెగించినవాడి ప్రమాణమే కంట్రీవైడ్ ప్రమాణం అయ్యింది. వాటిలో పే-ఆప్షన్ అప్పు ఒకటి. ఖాతాదారు ప్రతి నెలా ఎంత కట్టాలో తానే ఎంచుకోవచ్చు. అన్నిటికన్నా చిన్న మొత్తం ఎంచుకుంటే అది ఆ నెల వడ్డీకైనా చాలదు. మిగిలిన వడ్డీ అసలుకు కలుస్తుంది. క్రమం తప్పకుండా కడుతున్న మనిషి అప్పు నెలనెలా పెరుగుతూ పోతుంది. అది మొదటి అప్పులో 115 శాతానికి చేరిన రోజు వెసులుబాటు రద్దయి, వాయిదా ఒక్కసారిగా పైకి లేస్తుంది. చాలామంది చిన్న మొత్తమే ఎంచుకున్నారు.

ఈ సంగతి మొజిలోకు తెలియనిది కాదు. ముందు సొమ్మేమీ లేకుండా నూటికి నూరు శాతం ఇచ్చే సబ్‌ప్రైమ్ అప్పు గురించి 2006 ఏప్రిల్‌లో తన సహచరులకు పంపిన ఈమెయిల్‌లో, ఇంత విషపూరితమైన సరుకును తన జీవితంలో చూడలేదని రాశాడు. సెప్టెంబరులో పే-ఆప్షన్ అప్పుల గురించి రాస్తూ, ఇవి ఎలా పరిణమిస్తాయో తెలియక కళ్లు మూసుకుని విమానం నడుపుతున్నామన్నాడు. ఆ నెలల్లోనే వాటాదారులకు మాత్రం తమ అప్పుల నాణ్యత మిగతా కంపెనీలకన్నా మేలని చెబుతూ వచ్చారు. 2006 నవంబరు నుంచి 2007 వరకు మొజిలో తన షేర్లను విడతలుగా అమ్మి సుమారు 14 కోట్ల డాలర్ల లాభం పొందాడు.

సబ్‌ప్రైమ్ మార్కెట్ కుప్పకూలాక, 2008లో కంట్రీవైడ్ బ్యాంక్ ఆఫ్ అమెరికా చేతికి వెళ్లింది. సెక్యూరిటీస్ కమిషన్ 2009లో మొజిలో మీద మోసం, లోపలి సమాచారంతో షేర్లు అమ్మడం అనే ఆరోపణలతో దావా వేసింది. విచారణ మొదలయ్యే ముందు, 2010 అక్టోబరులో రాజీ కుదిరింది. మొత్తం 6.75 కోట్ల డాలర్లు. ఏ లిస్టెడ్ కంపెనీలోనూ ఇక డైరెక్టరుగా, అధికారిగా ఉండకూడదన్న నిషేధం. ఆరోపణలను ఒప్పుకోలేదు, కాదనలేదు. 2.25 కోట్ల జరిమానా ఆయన సొంతంగా కట్టాల్సింది. మిగతా 4.5 కోట్ల భారంలో కొంత భాగం కంపెనీ ముందే రాసిచ్చిన పూచీ ఒప్పందం వల్ల బ్యాంక్ ఆఫ్ అమెరికా మీద పడింది. క్రిమినల్ దర్యాప్తును 2011లో వదిలేశారు. మొజిలో 2023లో మరణించాడు.

ఈమెయిళ్లు ఉన్నా కేసు ఎందుకు పెట్టలేకపోయారన్నది న్యాయమైన ప్రశ్న. 2009 నవంబరులో బేర్ స్టెర్న్స్ అనే వాల్‌స్ట్రీట్ సంస్థ ఫండ్ మేనేజర్లిద్దరిని, సరిగ్గా ఇటువంటి ఈమెయిళ్ల ఆధారంతోనే విచారించి, జ్యూరీ నిర్దోషులని వదిలేసింది. ఒక చోట భయం వెలిబుచ్చినవాడు ఇంకోచోట ధైర్యం చెబితే అది మోసమే అని జ్యూరీని ఒప్పించడం కష్టమని ప్రాసిక్యూటర్లకు అర్థమైంది. అంతకన్నా పెద్ద కారణం, 1980ల్లోలా పద్దులు పట్టుకుని దారి చూపే తనిఖీదార్లు ఈసారి లేకపోవడం. గొలుసులో ప్రతి లంకె దగ్గరా ఒక సంతకం ఉంది. ఏ సంతకమూ మొత్తం నేరం కాదు.

జైలుకు వెళ్లిన పెద్ద తలకాయ ఒకటుంది. ఫ్లోరిడాలోని ఒకాలా కేంద్రంగా టేలర్, బీన్ అండ్ విటేకర్ అనే తనఖా కంపెనీని నడిపిన లీ ఫార్కస్. 2002లో కొలోనియల్ బ్యాంకులో తమ ఖాతా లోటు కనిపించకుండా రాత్రికి రాత్రి ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు సొమ్ము తిప్పడంతో ఆయన మోసం మొదలైంది. తర్వాత లేని అప్పులను, ఇదివరకే వేరేవాళ్లకు అమ్మిన అప్పులను బ్యాంకుకు అంటగట్టేదాకా వెళ్లింది. మొత్తం 290 కోట్ల డాలర్ల మోసం. 2011లో ఫార్కస్‌కు 30 ఏళ్ల శిక్ష పడింది. కొలోనియల్ బ్యాంకు లోపలి అధికారులు కొందరు కూడా జైలుకెళ్లారు. ఒకే సరుకును ఇద్దరికి అమ్మడం ఏ కాలం చట్టానికైనా అర్థమయ్యే దొంగతనం. తీరదని అనుమానం ఉన్న అప్పును ఒకరికే, కాగితాలన్నీ జతచేసి అమ్మడం అలాంటిది కాదు.

2008 సెప్టెంబరులో 30,700 కోట్ల డాలర్ల ఆస్తులతో కూలిన వాషింగ్టన్ మ్యూచువల్ బ్యాంకు ఉదంతం ఇంకా క్లుప్తంగా ముగిసింది. దాని ముగ్గురు అధికారుల నుంచి 90 కోట్ల డాలర్లు కోరుతూ డిపాజిట్ బీమా సంస్థ దావా వేసింది. రాజీ 6.4 కోట్ల దగ్గర కుదిరింది. చాలా భాగం బీమా కంపెనీలు కట్టాయి. ముగ్గురూ కలిసి జేబులోంచి తీసింది ఐదు లక్షల డాలర్లకు లోపే.

వ్యక్తులను బాధ్యులుగా నిలపడానికి జరిగిన గట్టి ప్రయత్నం మళ్లీ కంట్రీవైడ్ చుట్టూనే నడిచింది. 2007లో సబ్‌ప్రైమ్ మార్కెట్ కుప్పకూలాక కంపెనీ ఒక విభాగంలో ‘హై స్పీడ్ స్విమ్ లేన్’ అనే పద్ధతి పెట్టింది. అప్పు దరఖాస్తును మధ్యలో ఆపి పరీక్షించే మెట్లు తీసేశారు. నాణ్యతను బట్టి కాక, ఎన్ని ఫైళ్లు దాటించారన్నదాన్ని బట్టి బోనస్ ఇచ్చారు. ఆ అప్పులను మంచివని చెప్పి ఫ్యానీ మేకు, దానిలాంటిదే అయిన ఫ్రెడ్డీ మాక్‌కు అమ్మారు. లోపల అభ్యంతరం చెప్పిన ఎడ్వర్డ్ ఓ'డానెల్ అనే అధికారి తర్వాత సాక్షిగా ముందుకొచ్చాడు. 1989 నాటి ఫిర్రియా చట్టం కిందే ప్రభుత్వం దావా వేసింది. 2013లో జ్యూరీ బ్యాంకును, రెబెకా మెయిరోన్ అనే మాజీ అధికారిణిని బాధ్యులుగా తేల్చింది. 2014లో న్యాయమూర్తి జెడ్ రాకోఫ్ బ్యాంకుకు 127 కోట్ల డాలర్లు, ఆమెకు పది లక్షలు జరిమానా విధించాడు. 2016 మేలో అప్పీలు కోర్టు రెండింటినీ రద్దు చేసింది. మంచి అప్పులే అమ్ముతామని ఒప్పందం రాసుకున్ననాడే మోసం చేసే ఉద్దేశం ఉన్నట్టు రుజువు కాలేదని, తర్వాత ఆ మాట తెలిసి తప్పినా అది ఒప్పంద ఉల్లంఘనే గానీ మోసం కాదని కోర్టు చెప్పింది.

కంపెనీలు మాత్రం డబ్బు కట్టాయి. 2014లో బ్యాంక్ ఆఫ్ అమెరికా ఒప్పుకున్న 1,665 కోట్ల డాలర్ల రాజీలో చాలా భాగం కంట్రీవైడ్ పాపాలదే. ఆ భారం కొన్న బ్యాంకు వాటాదారుల మీద పడింది, అప్పులిచ్చినవారి మీద కాదు.

2010 నాటి డాడ్-ఫ్రాంక్ చట్టం కొన్ని రంధ్రాలు మూసింది. ఖాతాదారు తీర్చగలడా అని ఆదాయం రుజువులతో చూడకుండా అప్పు ఇవ్వరాదు. వడ్డీ పెంచినందుకు బ్రోకరుకు అదనపు కమిషన్ ఇవ్వరాదు. సెక్యూరిటీలు అమ్మే సంస్థ నష్టభయంలో 5 శాతం తన దగ్గరే ఉంచుకోవాలన్నారు గానీ, నిర్ణీత ప్రమాణాలు తీరే ఇంటి అప్పులకు మినహాయింపు ఇచ్చారు. అధినేతల బోనస్ తిరిగి రాబట్టే నిబంధనకు సెక్యూరిటీస్ కమిషన్ తుదిరూపం ఇచ్చింది 2022లో. అది కూడా కంపెనీ తన పద్దులను సవరించుకోవాల్సి వచ్చినప్పుడే వర్తిస్తుంది. పద్దులు సరిగ్గా రాసి, చెడ్డ అప్పులిచ్చి మునిగితే వర్తించదు. మరోవైపు 2008 నాటి చట్టం ప్రకారం అప్పు దరఖాస్తు రాయించే ప్రతి ఉద్యోగీ రిజిస్టరు కావాలి. 2014 నుంచి ఆ ఉద్యోగి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు దరఖాస్తు మీద, ప్రామిసరీ నోటు మీద, తనఖా పత్రం మీద ఉండి తీరాలి. ఏ తరహా అప్పులు ఇవ్వాలో, ఎంత అమ్మితే ఎంత బోనసో నిర్ణయించే అధికారి పేరు వాటి మీద ఉండాలన్న నిబంధన లేదు.